బొట్టు పెట్టిన హార్డ్ డిస్క్

మా తమ్ముడు పెంచలయ్య పోయిన నెలలో ఊళ్లో పాత పెంకుటిల్లు విప్పించాడు. అటక మీద సామాన్లు దించుతుంటే చిల్లుపడ్డ జల్లెడ, నూనె ఇంకిన జాడీలు, మా అవ్వ రోకలి, వాటి వెనకాల ఒక బిస్కెట్ల డబ్బా దొరికాయట. డబ్బాలో పసుపు గుడ్డ, గుడ్డలో అరచేతి పొడుగున ఇనుప పలకలాంటిది, దాని మీద కుంకుమ బొట్టు. ఎవరో చేతబడి చేసి పెట్టారనుకుని కూలీలు పని ఆపేసి దూరంగా నిలబడ్డారు. పెంచలయ్య నాకు ఫోన్ చేసి, "అక్కా, నీ వస్తువొకటి దొరికింది. మేస్త్రీ దాన్ని ముట్టుకోనంటా ఉండాడు. అది దెయ్యం కాదు, మా నాయన అని చెప్తే నన్ను ఇంకా వింతగా చూస్తా ఉండాడు" అన్నాడు.

నేను ఆత్మకూరులో వాడి ఇంటికి వెళ్లేసరికి అమ్మ దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. అమ్మకిప్పుడు చెవులు సరిగా వినపడవు. నన్ను చూసి, ఆ ఇనుప ముక్కను పైటకొంగుతో ఒకసారి తుడిచి నా చేతిలో పెట్టింది. పెంచలయ్య కూతురు హారిక నెల్లూరులో కంప్యూటర్ల చదువే చదువుతోంది. అది నా భుజం మీదుగా తొంగిచూసి, "పాత హార్డ్ డిస్క్ కదత్తా ఇది. ఎన్ని జీబీ?" అని అడిగింది. పదకొండు నిమిషాలమ్మా అన్నాను. అది నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నేను తొందరపడి చేసిన పనులు చాలా ఉన్నాయి గాని, ఇరవై ఏళ్లుగా గొంతులో ముల్లులా అడ్డం పడి ఉన్నది ఇదొక్కటే.

మా నాయన గొంతు పెద్దది. మంచి గొంతు అనను, పెద్దది. వరికుంటపాడు రోడ్డులో మా ఊరు. ఇంటికీ పొలానికీ మధ్య నాలుగు వరి కయ్యలు, ఒక వాగు. నాయన పొలంలో నిలబడి "ఏమ్మే, మజ్జిగ" అంటే అమ్మ వంటింట్లో చెంబు కడిగేది. ఆయన ఎవరితోనూ కూర్చుని తీరిగ్గా మాట్లాడి ఎరగడు. పిలిచేవాడు, పని చెప్పేవాడు, అంతే. బిడ్డల్ని మెచ్చుకోవడం, దగ్గర కూర్చోబెట్టుకుని మంచీచెడ్డా చెప్పడం ఆయన చేత కాదు. నేను డిగ్రీ ప్యాసయ్యానని చెబితే "సరే, ఆ గడ్డిమోపు ఇటు అందుకో అమ్మణ్ణీ" అన్నాడు. ఆ పిలుపులోనే ఏదో ఉందని సరిపెట్టుకునే వయసు కాదు నాది. ఆయన నాతో ఏదైనా ఒక్క మాట, నాకోసమని ఒక్క మాట చెప్పాలని ఉండేది. పైకి అనలేదు, అంటే నవ్వుతారు.

ఆయన మెత్తగా మాట్లాడేది ఒక్క గౌరితోనే. గౌరి మా బర్రె. తెల్లవారగట్ల కందికట్టె రాజుకున్న పొగ, పేడనీళ్లు చల్లిన వాకిలి వాసన, వాటిల్లో కలిసిన నాయన బీడీ వాసన, ఈ మూడూ ముక్కుకు తగిలితే లేవాల్సిన వేళ అయిందని మాకు తెలిసేది. కొట్టంలో అమ్మ పొదుగు దగ్గర చెంబు పెట్టుకుని కూర్చునేది. నాయన గౌరి మెడ మీద చెయ్యేసి "దా... దామ్మా... చేపు తల్లీ, చేపు. రాత్రి దోమలు కుట్టినాయా? కుట్టింటాయిలే. చేపు" అని చెప్పుకుంటూ పోయేవాడు. ఆ గొంతు వింటేనే అది పాలు చేపేది. నాయన పెళ్లికో పేరంటానికో పోయి రాత్రికి అక్కడే ఉండిపోతే, మర్నాడు దూడకు తప్ప మాకు చుక్క ఉండేది కాదు. ఇంట్లో మనుషులకు దక్కని మాటలన్నీ ఒక బర్రెకు దక్కుతున్నాయని నాకు నిజంగానే కుళ్లుగా ఉండేది.

ఆ ఇంట్లో నేర్చుకున్న రెండు పద్ధతులు తర్వాత నా కొంప ముంచాయి కాబట్టి అవీ చెప్పాలి. ఒకటి అవ్వ నేర్పింది. సాయంత్రం దీపం పెట్టేలోపు చుట్టుపక్కల ఇళ్లవాళ్లు గిన్నెలు పట్టుకుని తోడుకు వచ్చేవాళ్లు. మా తోడు పాడైన రోజు మేమూ వెళ్లేవాళ్లం. అప్పుడు అవ్వ చెప్పేది: "ఒకరిచ్చిన తోడును వాళ్ల ముందర వాసన చూడబాక. చూస్తే వాళ్లింటి పాడిని అనుమానించినట్టు." దాంతో ఒక ఇంట్లో పెరుగు తీగ సాగిందంటే నాలుగు రోజుల్లో వీధంతా తీగ పెరుగే తినేది, కానీ ఎవరూ మాట అనుకునేవాళ్లు కారు. రెండోది నాయన నేర్పింది, బోరు మోటారు దగ్గర. స్టార్టరు పెట్టెలోంచి చిటపటమన్నా, కమురు వాసన వచ్చినా, "ఆలోచించబాక అమ్మణ్ణీ, ముందు ఫ్యూజు పీకు. ఆలోచన తర్వాత" అనేవాడు. రెండూ మంచి పద్ధతులే. పెరుగుకూ మోటారుకూ మంచివి.

డిగ్రీ అయ్యాక ఆరు నెలల కంప్యూటర్ కోర్సు చేసి ఆత్మకూరులో రంగయ్యశెట్టి గారి డీటీపీ సెంటర్లో చేరాను. బస్టాండు పక్కన చిన్న గది. దాంట్లో దుమ్ము పడకూడదని అద్దాల తలుపుతో ఇంకో చిన్న అర కట్టించి కంప్యూటర్‌ను అందులో పెట్టారు. పెళ్లిపత్రికలు, కరపత్రాలు, స్కూళ్ల ప్రశ్నాపత్రాలు, అన్నీ నేనే కొట్టేదాన్ని. మేనత్త ఇంట్లో ఉండి, శనివారం సాయంత్రం బస్సుకు ఊరికి వెళ్లేదాన్ని. చెప్పులు బయట విడిచి ఆ అద్దాల తలుపు తీసుకుని లోపలికి వెళుతుంటే ఏదో పెద్ద ఆఫీసరు కుర్చీ ఎక్కినంత గర్వంగా ఉండేది. ఆరు నెలల చదువుకు అరవై ఏళ్ల పొగరు.

ఆ గర్వంలో ఉన్న రోజుల్లోనే నాయన గొంతు బొంగురుపోయింది. జలుబు అనుకున్నారు, కషాయాలు తాగించారు. నాలుగు నెలలకు నెల్లూరు తీసుకుపోతే డాక్టరు గొంతులో పుండు ఉందని, పైకి పాకకముందే మాట పుట్టే చోటును మొత్తం కోసి తీసేయాలని చెప్పాడు. ప్రాణం ఉంటుంది, మాట ఉండదు. పది రోజుల్లో రమ్మన్నాడు. తిరిగి వచ్చే బస్సులో నాయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. ఉదయగిరి దగ్గరపడి దుర్గం కొండ కనపడుతుండగా, "గౌరి ఎట్టా చేపుతాదో" అన్నాడు. అంత పెద్ద కష్టంలో ఆయన నోటివెంట వచ్చింది ఆ ఒక్కటే. అమ్మ కళ్లు ఒత్తుకుంది. నాకు మాత్రం అప్పుడే ఆ ఆలోచన వచ్చింది: గొంతు పోకముందే దాన్ని పట్టి పెట్టాలి.

"పక్కింట్లో టేపు రికార్డరు ఉండాది గదా, దాంట్లో పట్టుకుందాం. ఆత్మకూరు దాకా ఎందుకు?" అంది అమ్మ. మా ఇంట్లో ఉన్న టేపు రికార్డరు రీళ్లు నమిలేది, అందుకని పక్కింటిది. నేను ఒప్పుకోలేదు. "టేపు అరిగిపోతాది, బూజు పడతాది. కంప్యూటర్లో పెడితే యుగాలు గడిచినా చెక్కుచెదరదమ్మా" అన్నాను. ఎంత నమ్మకంగా అన్నానో ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. అమ్మ నా చదువు మీద గౌరవంతో నోరు మూసుకుంది.

నాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆత్మకూరు వచ్చాడు. శెట్టి గారు కుర్చీ తుడిచి కూర్చోబెట్టారు. మైకు ఉన్న హెడ్‌ఫోన్ తలకు పెడితే నాయన నిటారుగా, ఫోటోకు కూర్చున్నట్టు కూర్చున్నాడు. ఏం చెప్పమంటావని అడిగాడు. "గౌరిని పిలువు నాయనా. తర్వాత అమ్మకు, తమ్ముడికి, నాకు, ఏం చెప్పాలనిపిస్తే అది చెప్పు" అన్నాను. ఆయన మైకునూ నన్నూ చూసి, "నువ్వు బయటికి పో. నువ్వు చూస్తా ఉంటే నాకు రాదు" అన్నాడు. నేను అద్దాల తలుపు వేసి బయటికొచ్చాను. ఒకసారి వెనక్కి చూస్తే పెదాలు కదులుతున్నాయి. నా వంతు వచ్చినప్పుడు సిగ్గుపడతాడేమోనని వీధి వైపు తిరిగి నిలబడ్డాను. బస్టాండులో హారన్లు, బటాణీలమ్మే వాళ్ల కేకలు. అప్పటికే నాయన గొంతు సగం అరిగిపోయి ఉంది, అద్దం దాటి ఏమీ వినపడలేదు. చాలాసేపటికి శెట్టి గారు బయటినుంచి వచ్చి, "ఏమ్మా, మీ నాయన అయిపోయినాదంటా చెయ్యి ఊపుతా ఉండాడే" అంటే లోపలికి వెళ్లి ఆపాను. పదకొండు నిమిషాలు వచ్చింది. నేను వినలేదు. ఆయన నాతో మాట్లాడగలిగినన్ని రోజులు ఆయన నోటనే వినాలని, ఆ మాట తర్వాతి కోసం దాచుకోవాలని అనుకున్నాను. మా సెంటర్లో సీడీ రాసే మిషన్ లేదు. నెల్లూరులో రాయిద్దాంలే అనుకుని ఆ ఒక్క డిస్కులో వదిలేశాను.

ఆపరేషన్ అయింది. మూడు వారాలకు నాయనను ఇంటికి తెచ్చాం. మెడ కింద తెల్ల గుడ్డ, ఊపిరి పీల్చినప్పుడల్లా చిన్న ఈల శబ్దం. ఇంట్లో అంత నిశ్శబ్దం ఎప్పుడూ ఎరగం. మేం లేనప్పుడు పక్కింటివాళ్లు తంటాలుపడి గౌరి దగ్గర అరచెంబు పిండేవాళ్లట, నాయన వచ్చాక అదీ పోయింది. ఆయన వెళ్లి మెడ మీద చెయ్యి వేసేవాడు, అది ఆయన మొహంలోకి చూస్తూ పిలుపు కోసం కాచుకునేది. పిలుపు రాకపోయేసరికి కాలు విసిరేది. రెండో రోజు చెంబు తన్నేసింది. మూడో రోజు నాయన కొట్టంలోకే పోలేదు. మంచంలో గోడ వైపు తిరిగి పడుకున్నాడు, గంజి తెస్తే చేత్తో తోసేశాడు. నాలుగో రోజూ అంతే. గొంతు కోస్తామన్నప్పుడు చెదరని మనిషి, బర్రె తనను గుర్తుపట్టలేదని చెదిరిపోయాడు. అమ్మ నన్ను వాకిట్లోకి పిలిచింది. "ఆ పెట్టెలో పెట్టినావే, ఆ గొంతు తీసుకురా అమ్మణ్ణీ. ఈ మనిషి ఇట్టా పడుకుంటే ఇంక లేవడు" అంది.

సోమవారం మొదటి బస్సుకు ఆత్మకూరు చేరాను. తొమ్మిదికి సెంటర్ తెరిచాం. ముందు నాయన గొంతు సంగతి చూసుకుని ఉంటే ఈ కథే లేదు. కానీ శెట్టి గారు పెన్ డ్రైవ్ ఒకటి చేతికిచ్చి, "ఉదయగిరి నుంచి బాషా పంపినాడు. కొత్త అక్షరాలంట. పెళ్లిపత్రిక వాళ్లు కూర్చోనుండారు, ముందు అది చూడమ్మా" అన్నారు. మూడు వారాలు సెలవు ఇచ్చిన మనిషి మాట ఎలా కాదంటాను? ఖాదర్ బాషా ఉదయగిరిలో కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ నడిపేవాడు. ఆ రోజుల్లో పత్రికల్లో వాడే తెలుగు అక్షరాల ఫాంట్లు ఎవరికి దొరికినా పెన్ డ్రైవ్‌లో వేసి, బస్సు డ్రైవరు చేతికిచ్చి ఊరూరికీ పంపేవాళ్లం. మాకు దొరికితే మేం పంపేవాళ్లం. వీధిలో తోడు తిరిగినట్టే తిరిగేవి అవి. వైరస్ ఉందేమో చూడాలని కోర్సులో చెప్పారు. చూడాలంటే అరగంట పడుతుంది, పైగా బాషా అన్న పంపినదాన్ని అనుమానించడం ఏం మర్యాద? వాసన చూడలేదు. పెట్టి తెరిచాను.

ముందు చిన్న తేడా. ఫోల్డర్ల మీద నొక్కితే తెరుచుకోవడం లేదు. తర్వాత మా పత్రికల ఫోల్డర్ కనపడలేదు. ఆ పక్కది కనపడలేదు. 'నాయన' అని నేను పేరు పెట్టుకున్నది, నా కళ్ల ముందే, ఉన్నట్టే ఉండి లేకుండా పోయింది. తెర మీద వాటంతట అవే కిటికీలు తెరుచుకుంటున్నాయి, నేను ఒకటి మూస్తే మూడు వస్తున్నాయి. ఆ క్షణంలో నాకు కోర్సు గుర్తుకు రాలేదు, బోరు మోటారు గుర్తొచ్చింది. ఆలోచించబాక, ముందు ఫ్యూజు పీకు. బల్ల కిందికి వంగి ప్లగ్గు పీకేశాను. పెట్టెలోంచి టిక్కుమని ఒక శబ్దం వచ్చి అంతా ఆగిపోయింది. మళ్లీ పెడితే నల్ల తెర, మూలన తెల్ల గీత కొట్టుకుంటూ ఉంది, అంతే.

శెట్టి గారు మెకానిక్‌ను పిలిపించారు. అతను వచ్చి, చూసి, ఒక్క మాటలో తేల్చేశాడు. "వైరస్ సార్. ఫార్మాట్ కొట్టాల. గంటలో బాగైపోతాది." ఫార్మాట్ అంటే మొత్తం తుడిచేయడం. పత్రిక వాళ్లు అప్పటికే గొణుగుతున్నారు. శెట్టి గారు కానియ్యమన్నట్టు చెయ్యి ఊపారు. నేను వెళ్లి పెట్టెకు అడ్డంగా నిలబడ్డాను. ఎప్పుడూ ఆయన ముందు గొంతెత్తినదాన్ని కాను. "దాంట్లో మా నాయన గొంతు ఉండాది. నన్ను ఉద్యోగంలోంచి తీసేయండి గాని దీన్ని తుడవనివ్వను" అన్నాను. మెకానిక్ నవ్వబోయి శెట్టి గారి మొహం చూసి ఆగాడు. ఆయన కాసేపు తల గోక్కున్నారు. "డిస్కు విప్పియ్యిరా ఈమెకి. రేపు షాపు తెరిచే టయానికి నా డిస్కు నా దగ్గరుండాల సుజాతమ్మా. తర్వాత నువ్వు ఏడ్చినా నేను చేసేదేం లేదు" అన్నారు. పత్రిక వాళ్లను చేయి పట్టుకుని పక్క వీధిలో ఇంకో సెంటర్‌కు తనే తీసుకెళ్లారు.

పదకొండు గంటల బస్సులో ఉదయగిరి బయలుదేరాను. డిస్కును టవల్లో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాను. ఆ రోడ్డు సంగతి తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. గుంట వచ్చినప్పుడల్లా రెండు చేతులతో గాల్లోకి ఎత్తి పట్టుకునేదాన్ని. పక్కన కూర్చున్న ముసలమ్మ, "గుడ్లా పాపా?" అని అడిగింది. అవునన్నాను. ఆమె పాపం తన సంచి కాళ్ల కిందికి జరిపి నాకు చోటిచ్చింది. ఎండకు కిటికీ కమ్మీ చుర్రుమంటోంది. ఉదయగిరిలో మధ్యాహ్నం రెండుకు కరెంటు తీసేస్తారని నాకు తెలుసు, అందరికీ తెలుసు. మధ్యలో బస్సు ఒక చోట గొర్రెల మంద కోసం ఆగింది. ఆ మంద దాటేంతసేపూ నేను మనసులో ఒక్కొక్క గొర్రెనూ తిట్టాను.

బాషా అన్న ఇన్‌స్టిట్యూట్‌లోకి వెళుతూనే, "నీ పెన్ డ్రైవ్‌లోనే వచ్చిందన్నా" అన్నాను. నమస్కారం లేదు, కుశలం లేదు. ఆయన గది వైపు చెయ్యి చూపించాడు. నాలుగు కంప్యూటర్లూ నల్లగా ఉన్నాయి. "పొద్దున్నుంచి ఇదే తంటా. నాకూ ఎవరో ఇచ్చినారు, నేను చూసుకోకుండా మీకు పంపినాను. తప్పు నాదే" అన్నాడు. తా చెడ్డ కోతి వనమెల్లా చెరిచిందన్నట్టు ఆ వారం మా వైపు సెంటర్లన్నీ అలాగే పడి ఉన్నాయని తర్వాత తెలిసింది. ఏముందమ్మా దీంట్లో అని అడిగాడు. చెప్పాను. ఆయన లోపలి గదిలోంచి, ఎవరినీ ముట్టుకోనివ్వని తన సొంత కంప్యూటర్ బయటికి తెచ్చి, మూత విప్పి, మా డిస్కును పక్కన తగిలించాడు. తనదానికీ అంటుకుంటుందేమోనన్నాను. "అంటుకుంటే అంటుకోనీ" అన్నాడు.

ఒంటిగంటన్నర దాటింది. నల్ల తెర మీద ఆయన ఏదో టైపు చేస్తున్నాడు, నేను గోడ గడియారం చూస్తున్నాను. ఒక్కసారిగా మా ఫోల్డర్లన్నీ లేత రంగులో, నీడల్లా కనపడ్డాయి. వాటిలో 'నాయన' ఉంది. "పోలేదు సుజాతా. ఈ వైరస్ దేన్నీ చెరపదు, కనపడకుండా దాస్తాది అంతే" అన్నాడు. కాపీ కొట్టబోయాడు. పచ్చగీత కొంచెం నడిచి ఆగిపోయింది. డిస్కులోంచి గోటితో రేకును గీకినట్టు శబ్దం. మళ్లీ కొట్టాడు, మళ్లీ అక్కడే ఆగింది. ఆయన నా వైపు తిరిగి, "ఇది నడస్తా ఉండంగా కరెంటు పీకినారా?" అని అడిగాడు. తల ఊపాను. "డిస్కు దెబ్బతినింది వైరస్ వల్ల కాదమ్మా" అని, మిగతాది మింగేశాడు. మింగినా నాకు వినపడింది. పీకింది నేను. నాయన నేర్పిన పద్ధతితో నాయన గొంతు నేనే కోశాను.

రెండుకు ఎనిమిది నిమిషాలు. బాషా అన్న లేచి ఇంట్లోకి పరిగెత్తి, తన టేపు రికార్డరు, ఒక కొత్త క్యాసెట్టు పట్టుకొచ్చాడు. "కాపీ వద్దు. ఎంతవరకు పాడితే అంతవరకు పాడిద్దాం, దీంట్లో పట్టుకుందాం. మాట్లాడబాక, దగ్గబాక" అన్నాడు. ఫ్యాను ఆపేశాడు. టేపు రికార్డరును స్పీకరుకు ఆనించి రెండు బటన్లూ కలిపి నొక్కాడు.

"దా... దామ్మా... గౌరీ. చేపు తల్లీ, చేపు." నాయన. నేను పైట నోట్లో కుక్కుకున్నాను. గౌరితో చాలాసేపు మాట్లాడాడు. తర్వాత, "ఏమ్మే, మజ్జిగ" అని కేక. మైకులో కూడా పొలంలో ఉన్నట్టే కేక వేశాడు. తర్వాత, "ఒరే పెంచలా, మోటారు దగ్గరికి చెప్పుల్లేకుండా పోబాక." గీకుడు శబ్దం మొదలైంది. బాషా అన్న డిస్కును రెండు వేళ్లతో కదలకుండా పట్టుకున్నాడు, పట్టుకుంటే ఏమవుతుందో ఆయనకూ తెలియదు. "ఇంక అమ్మణ్ణికి ఒక మాట" అన్నాడు నాయన. అక్కడ ఆగింది. గర్‌మని ఒక శబ్దం వచ్చి తెర బిగుసుకుపోయింది. ఇంకోసారి మొదలుపెట్టేలోపు కరెంటు పోయింది. నాలుగు నిమిషాలు. పదకొండులో నాలుగు. మిగతా ఏడూ నావి.

ఆ సాయంత్రం దీపాలు పెట్టే ముందు టేపు రికార్డరును కొట్టంలో తొట్టి గట్టు మీద పెట్టాం. దాన్ని బాషా అన్నే ఇచ్చి పంపాడు. అమ్మ నాయనను బలవంతాన లేపి తీసుకొచ్చింది. బటన్ నొక్కాను. తన గొంతు తను వింటూ నాయన గుంజను పట్టుకుని నిలబడిపోయాడు. గౌరి చెవులు రిక్కించి పెట్టె వైపు చూసింది, నాయన వైపు చూసింది, అనుమానంగా ఒక అడుగు వెనక్కి వేసింది. అమ్మ చెంబుతో కూర్చున్నా చుక్క రాలేదు. క్యాసెట్టు వెనక్కి తిప్పి మళ్లీ పెట్టాను. అప్పుడు నాయన గుంజ వదిలి, మెల్లగా వెళ్లి దాని మెడ మీద చెయ్యి వేశాడు. టేపులో మాటలకు సరిగ్గా పెదాలు కదిపాడు. చేపు తల్లీ, చేపు. చెంబులో చుయ్యిమని మొదటి ధార పడింది. నాయన భుజాలు కదిలిపోతున్నాయి. ఏడుపుకు కూడా శబ్దం లేదు. ఆ రాత్రి గంజి తాగాడు. నెల తిరిగేసరికి టేపు అవసరం లేకుండానే, మెడ మీద చెయ్యి వేస్తే చేపడం మొదలుపెట్టింది గౌరి. నాయన ఇంకో తొమ్మిదేళ్లు బతికాడు.

మర్నాడు పొద్దున్నే తొమ్మిదికి డిస్కు తీసుకెళ్లి శెట్టి గారి బల్ల మీద పెట్టాను. మెకానిక్ చూసి ఇది ఇంక పనికిరాదన్నాడు. ఆయన కొత్తది వేయించుకుని పాతది నాకే ఇచ్చేశారు. "మీ నాయన మిగతా మాటలు దీంట్లోనే ఉండాయి గదా, నేనెట్టా పారేసేది. తీసుకుపో" అన్నారు. అమ్మ దానికి పసుపు రాసి బొట్టు పెట్టింది.

ఆ ఏడు నిమిషాల్లో ఏముందో నాయననే అడిగాను. ఎన్నోసార్లు అడిగాను. తమ్ముడి చిన్నప్పటి పలక చేతికిచ్చాను. ఆయనకు సంతకం, నాలుగంకెలు తప్ప రాయడం రాదు. బలపంతో ఒక సున్నా చుట్టి నా చేతిలో పెట్టి, సిగ్గుగా నవ్వాడు. నేను నమ్మలేదు. పోగొట్టానని కోపమనుకున్నాను. చెప్పడానికి ఏదో పెద్ద మాటే ఉండి ఉంటుంది, పలకలో పట్టక సున్నా చుట్టాడనుకున్నాను. నా పెళ్లికి, నా కాన్పులకు, ఆయన పోయిన రోజున, ప్రతిచోటా ఆ మాట ఏమై ఉంటుందా అని ఊహించుకున్నాను. ఎవరి నాయనా చెప్పనంత గొప్ప మాటలు నేనే అల్లుకుని ఆయన నోట్లో పెట్టాను.

ఇప్పుడు తోడుకు ఎవరూ రారు, పెరుగు ప్యాకెట్లో వస్తుంది. హారిక ఫోన్‌లో అది పుట్టినప్పటి నుంచి తుమ్మినవీ దగ్గినవీ కూడా ఉన్నాయి, ఫోన్ పోయినా అవి పోవట. మంచిదే, అసూయ లేదు నాకు. కానీ అది వాటిని తిరిగి చూడగా నేనెప్పుడూ చూడలేదు. మేం నాలుగు నిమిషాలను అరిగేదాకా విన్నాం. అరిగిపోతుందని నేను వంక పెట్టిన టేపే మాకు దిక్కయింది.

హారిక డిస్కును నెల్లూరు తీసుకెళ్లింది. ఇలాంటివి బాగుచేసేవాళ్లు ఇప్పుడున్నారట, దెబ్బతిన్న చోట్లు తప్పించి మిగతాది చదివే యంత్రాలున్నాయట. పోయిన ఆదివారం వచ్చి, ఫోన్ బల్ల మీద పెట్టి, "మొత్తం వచ్చింది అత్తా. నేను వినలేదు. నువ్వే ముందు విను" అంది. అమ్మను నా పక్కన కూర్చోబెట్టారు. ఏ చెవీ సరిగా వినపడని అమ్మ, "ఏమ్మే, మజ్జిగ" అన్నచోట మోకాళ్ల మీద చేతులాన్చి లేవబోయింది.

"ఇంక అమ్మణ్ణికి ఒక మాట." తర్వాత ఏమీ లేదు. ఫ్యాను శబ్దం. బస్సు హారన్. నాయన దగ్గు. అగ్గిపెట్టెను వేలితో కొడుతున్న చప్పుడు. చాలాసేపు. "ఏం చెప్పాలబ్బా" అని తనలో తను అనుకున్నాడు. "ఆ పిల్లకి నేను చెప్పేదేముండాది. అన్నీ దానికే తెలుసు." మళ్లీ ఫ్యాను. సున్నా అని చెప్పింది నిజమే. నాయన నాతో ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు.

ఆ తర్వాత పిలుపు మొదలైంది. "అమ్మణ్ణీ." కాసేపాగి, "ఓ అమ్మణ్ణీ. అయిపోయినాది, ఇంక రా." ఆ అరిగిపోయిన గొంతుతో, ఉన్న బలమంతా పెట్టి. "దీన్ని ఎట్టా ఆపాలో నాకు తెలవదు తల్లీ. వచ్చి ఆపు." అద్దానికి ఇవతల వీధి వైపు తిరిగి, ఆయన సిగ్గుపడకూడదని మర్యాదగా నిలబడి ఉన్నాను నేను. అప్పటికి ఆ గొంతుకు ఇంకో రెండు రోజులే ఉన్నాయి. మూడు నిమిషాలు పిలిచాడు, ఎన్నిసార్లో లెక్కపెట్టలేకపోయాను.

వస్తా ఉండా నాయనా అన్నాను, పైకే అన్నాను. హారిక నా మొహం చూసి భయపడి ఫోన్ ఆపబోయింది. దాని చెయ్యి పట్టుకున్నాను. ఆపమని ఆయన పిలిచింది నన్ను. లేచి వెళ్లి నేనే ఆపాను.